ప్యాంటు మాస్టరు కోటు

ఆ దర్జీ దుకాణంలో అతణ్ణి పేరు పెట్టి పిలిచేవారు లేరు. యజమాని మొదలుకొని వీధి చివర టీకొట్టు మనిషి దాకా అందరికీ అతడు ప్యాంటు మాస్టరే. ఇరవయ్యారేళ్లుగా అతడు కత్తిరించినవి ప్యాంట్లు, కుట్టినవి ప్యాంట్లు, బిగుతైతే వదులు చేసినవి, పొడవైతే అంచు మడిచినవి కూడా ప్యాంట్లే. నడుముకు పైన మనిషికి ఏముంటుందో ఈ అన్నయ్యకు తెలియదని, బొత్తాలకు కాజాలు కుట్టే ఆమె వేళాకోళం చేసేది. అతడూ నవ్వేవాడు. సాయంత్రం నడుము పట్టుకొని లేచే వేళకు మాత్రం ఆ నవ్వులో ఒక్క పిసరు కూడా మిగిలేది కాదు.

అతనికి ఒక కోటు ఉండేది. చేతితో తాకగలిగిన కోటు కాదది. పెళ్లికి ముందే, మనిషి ఊచలా ఉన్న రోజుల్లో, రెండు మీటర్ల ముదురు నీలం ఉన్ని గుడ్డ కొని ఇనుప పెట్టెలో దాచుకొన్నాడు. దాన్ని తన చేతులతో, తన ఒంటి కొలతలకు కోటుగా కుట్టుకోవాలి. ప్యాంట్లు కుట్టే చెయ్యి కోటూ కుట్టగలదని నలుగురూ చూడాలి. ఏడాదికొకసారి ఆ గుడ్డను నీడపట్టున ఆరవేసి, కలరా ఉండలు మార్చి, మళ్లీ మడిచి పెట్టేవాడు. పని ముగించుకొని బస్సులో కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకొంటే చాలు, ఒంటి మీదికి ఆ కోటు వచ్చేది. ఎక్కడా ముడత లేదు, లోటు లేదు. దిగవలసిన చోటు వచ్చేదాకా ఆ కోటులో హాయిగా తిరిగేవాడు.

దుకాణంలో కోట్లు కుట్టేది పెద్ద మాస్టరు ఒక్కడే. డెబ్బై దాటిన మనిషి. ఆ నెల మూడో తేదీన ఆయన, కళ్లద్దాలు తుడుచుకొంటూ, నెలాఖరుకు తాను పని మానేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నానని చెప్పాడు. యజమాని నిట్టూర్చి, "అయితే వచ్చే నెల నుంచి కోట్లు తీసుకోవడం మానేద్దాం" అన్నాడు. అంతే. ప్యాంటు మాస్టరు చేతిలోని సుద్ద ముక్క గీత మధ్యలోనే ఆగిపోయింది. కోటుకు భుజం కుదురుగా కూర్చోబెట్టడం నేర్పగలిగిన ఒకే ఒక్క మనిషి వెళ్లిపోతే, ఆ పెట్టెలోని గుడ్డ ఎప్పటికీ గుడ్డగానే ఉండిపోతుందని అతనికి ఎవరూ విడమరచి చెప్పనవసరం లేకపోయింది.

ఆ సాయంత్రం, ఆసుపత్రిలో ఆయా డ్యూటీ దిగి వచ్చిన భార్యతో ఆ మాట అన్నాడు.

"పెద్దాయన వెళ్లిపోతున్నాడే."

"అయ్యో! ఎప్పుడు?"

"నెలాఖరుకి."

"మరి మీ కోటో?"

"చూద్దాం. తీరిక దొరకాలిగా."

"తీరికా!" ఆమె కాళ్లు చాపుకొని గోడకు చేరగిలబడింది. "కాపురానికొచ్చిన కొత్తలో ఆ పెట్టె మీద కూర్చోబోతే, లోపల కోటుంది నలిగిపోతుందని లేపారు నన్ను. తీరా మూత తీసి చూద్దును కదా, గుడ్డ! ఇన్నేళ్లూ కోతలు కోశారు గానీ కత్తెర పెట్టారా?"



ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. ఇవ్వవలసిన తేదీ వేసి చీటీ రాయనిదే ఏ గుడ్డా కత్తిరింపు బల్ల ఎక్కదు. చీటీ లేని గుడ్డ అటక ఎక్కుతుంది. కత్తిరించేవారు చీటీ గుచ్చి మేకులకు తగిలించిన గుడ్డలను తేదీల వరసలోనే అందుకొంటారు. మరునాడు మధ్యాహ్నం అతని భార్య, చంకలో కాగితపు పొట్లంతో వచ్చి, బట్టలివ్వడానికి వచ్చిన తక్కినవారి వెనుక వరసలో నిలబడింది.

"ఏం కుట్టాలమ్మా?" అన్నాడు యజమాని, ఆమె ఎవరో ఎరగనట్లే.

"కోటండీ."

"కొలతలెవరివి?"

"అరుగో, అక్కడ ప్యాంటు మీద వంగి, నన్ను చూడనట్టు నటిస్తున్నారే, ఆయనవి."

కాజాల ఆమె పకపకా నవ్వింది. ప్యాంటు మాస్టరుకు చెవులు వేడెక్కాయి.

"ఎప్పటికి కావాలి?"

"ఇరవై అయిదుకి. తప్పులుంటే దిద్దించుకోవడానికి పెద్ద మాస్టరు గారు ఆ తరవాత కూడా అయిదు రోజులు ఉంటారుగా."

యజమాని చీటీ రాసి గుడ్డకు గుచ్చి, ప్యాంటు మాస్టరు వైపు తిరిగాడు. "పనివేళల్లో మాత్రం కుదరదయ్యోయ్! భోజనాలప్పుడు, షట్టరు సగం దించాక ఓ గంట, అంతే" అన్నాడు.

సంతోషం కలగవలసిన ఆ క్షణంలో అతనికి నీరసం ముంచుకొచ్చింది. ఇన్నేళ్లూ అలసట మరచిపోవడానికి తలచుకొన్న కోటు, ఈనాడు చేయవలసిన పనుల్లో ఒకటై, ఇంకెవరిదో లాగుకూ వేరెవరిదో ప్యాంటుకూ నడుమ మేకుకు వేలాడుతోంది.

షట్టరు సగం దించాక పెద్ద మాస్టరు టేపు తీసుకొని వచ్చాడు.

"చేతులెత్తు. ఊపిరి బిగబట్టకురా నాయనా! రేపు కోటు వేసుకొని ఊపిరి పీల్చుకోవా ఏం?" ఛాతీ చుట్టూ టేపు తిప్పి, అంకె చూసి, కళ్లద్దాల పైనుంచి అతని వంక చూశాడు. "నలభై ఒకటి. ఈ గుడ్డ కొన్ననాడు ఎంత?"

"ముప్ఫై నాలుగండీ."

"మరింకేం! ఆ ముప్ఫై నాలుగు కుర్రాణ్ణి పిలుచుకురా. వాడికి అచ్చంగా సరిపోతుంది. ఇప్పుడే కత్తిరించేద్దాం."

కాజాల ఆమె నవ్వబోయి, అతని మొహం చూసి నాలుక కరుచుకొంది. అతడు స్టూలు మీద కూలబడ్డాడు. బస్సులో కళ్లు మూసుకొన్నప్పుడల్లా ఆ కోటు తొడుక్కొని తిరిగినవాడెవడో అప్పుడు తెలిసింది. వాడికి పొట్ట లేదు, నెరిసిన జుట్టు లేదు, నడుంనొప్పి లేదు. ఇరవయ్యారేళ్లుగా ఒంట్లో మార్పన్నది ఎరగని ఆ కుర్రవాడి కోసమే తాను కలలు కంటూ వచ్చాడు. ఇప్పుడున్న ఈ మనిషి కొలతలు ఒక్కసారైనా తీసుకొన్న పాపాన పోలేదు.

"దారి లేకపోలేదులే" అన్నాడు పెద్ద మాస్టరు గుడ్డ పరుస్తూ. "కాలరు అడుగుకూ లోపలి పట్టీలకూ వేరే గుడ్డ వేద్దాం. పొడవు రెండంగుళాలు తగ్గించాలి. చంకల దగ్గర అతుకు పడుతుంది."

"అతుకుల కోటా?"

"అవును, అతుకులదే. వద్దంటావా, మడిచి పెట్టెలో పెట్టుకో. నాకింకా ఇరవై ఆరు రోజులున్నాయి. నీకెన్నున్నాయో నువ్వే చెప్పాలి."

ప్యాంటు మాస్టరు లేచి గుడ్డ మీద సుద్దతో గీతలు గీశాడు. తరువాత కత్తెర అందుకొన్నాడు. వేలకొద్దీ ప్యాంట్లు కోసిన చెయ్యి మొదటి కోతను అంగుళం అంగుళంగా కోసింది. రెండో కోత ఎప్పటి వేగంతోనే సాగింది.

ఆనాటి నుంచి అతని భోజనం పది నిమిషాలకు కుదించుకుపోయింది. మిగిలిన సమయమంతా గుడ్డ నిలబడడానికి లోపల కాన్వాసు అతికించడం, తాత్కాలికంగా కచ్చాకుట్టు వేయడం, విప్పడం, మళ్లీ వేయడం. సన్నసూది బెజ్జం కంటికి ఆనేది కాదు. కాజాల ఆమె, "ఇలా ఇవ్వన్నయ్యా, నీ చూపుతో దారం ఎక్కేలోగా నా కాజాలు పదవుతాయి" అని సూది లాక్కొని ఎక్కించి ఇచ్చేది. ఇంటికి వెళ్లేసరికి ప్రాణం ఉసూరుమనేది. ఒకనాడు, "ఎందుకొచ్చిన బాధే ఇది?" అని భార్యను అడిగాడు. ఆమె మోకాళ్లకు నూనె రాసుకొంటూ, "నన్నడుగుతారేం? నేను కుట్టించుకోవడానికి ఇచ్చిన మనిషిని" అంది.

కోటు కుడి చెయ్యి అదృష్టవశాత్తూ మొదటిసారే కుదురుకొంది. ఎడమ చెయ్యి మొండికేసింది. భుజం మీద ముడత పడి, చెయ్యంతా వెనక్కి తిరిగిపోయింది.

"కదిలిపోతున్న బస్సును పట్టుకోబోయేవాడి చెయ్యిలా ఉంది. విప్పు" అన్నాడు పెద్ద మాస్టరు.

విప్పి కుట్టాడు. ఇరవై అయిదో తేదీ సాయంత్రం భార్య చీటీ పట్టుకొని వచ్చేసరికి కోటు తయారైంది, ఎడమ భుజం తప్ప. తొడుక్కొని అద్దం ముందు నిలబడ్డాడు. పొట్ట మీద బొత్తాం బిగుతుగా, ఎడమ భుజం మీద వేలెడంత ముడతతో, అలసిన మనిషి ఒకడు అద్దంలోంచి చూశాడు.

"బాగుందండీ" అంది ఆమె, నిజంగానే.

"బాగులేదు. చేతి వెనుక సగంలో వదులు చాలలేదు" అన్నాడతడు. ఇన్నేళ్లలో ఆ కోటు గురించి అతడు అంత కచ్చితంగా మాట్లాడటం ఆమె వినడం అదే మొదలు.

తిరుగు బస్సులో ఆమె అతని భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. అతడు కళ్లు మూసుకొన్నాడు గాని ఏ కోటూ ఒంటి మీదికి రాలేదు. ఆ ముడత ఒక్కటే కనిపించింది. దానిని ఎక్కడ విప్పాలి, ఎంత వదలాలి అని లెక్క వేసుకొంటూనే దిగవలసిన చోటు దాటిపోయాడు. ఇద్దరూ ఒక స్టాపు దూరం వెనక్కి నడిచారు. ఆమె దారి పొడవునా తిడుతూనే ఉంది.

మూడోసారి విప్పినప్పుడు పెద్ద మాస్టరు చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు.

"ఒక్కసారి మీరు పట్టుకొని చూపించకూడదూ?"

"చూపించను. నేను ముట్టుకొంటే అది నా భుజమవుతుంది. నీకేం మిగులుతుంది?"

ఇరవై తొమ్మిదో తేదీన ఆ చెయ్యి కుదిరింది. పరీక్షగా చూస్తే చిన్న వంక మిగిలే ఉంది. పెద్ద మాస్టరు దాని మీద అరచేయి నిమిరి, "ఊఁ" అన్నాడు.  మరునాడు తన టీగ్లాసు తానే కడిగి బోర్లించి వెళ్లిపోయాడు.

కొత్త నెల రెండో వారంలో ఒక పెద్దమనిషి బూడిదరంగు గుడ్డ పట్టుకొని వచ్చాడు. తన పదవీ విరమణ సభకు కోటు కావాలన్నాడు, ఇరవయ్యో తేదీకి. కోట్లు మానేశామని చెప్పడానికి యజమాని నోరు తెరిచాడు.

"ఇరవైకి కాదండీ" అన్నాడు బల్ల దగ్గరి నుంచి ప్యాంటు మాస్టరు. "ఇరవై ఏడుకైతే ఇస్తాను. అబద్ధం చెప్పడమెందుకు, ఎడమ భుజం రెండుసార్లు విప్పితే గాని నాకు కుదరదు."

యజమాని గుడ్లురిమాడు. పెద్దమనిషి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నెమ్మదిగా నవ్వాడు.

"సభ ఇరవై ఎనిమిదిన లెండి. దర్జీలతో వారం ముందు తేదీ చెప్పమని మా ఆవిడ నేర్పింది."

ప్యాంటు మాస్టరు మోకాళ్ల మీద చేతులానించి, మెల్లగా లేచి, కొలతల టేపు అందుకొన్నాడు. ఆ పూట కత్తిరించవలసిన ప్యాంట్లు బల్ల మీద ఇంకా తొమ్మిది ఉన్నాయి.