బ్యూలా జోడి

పటాన్‌చెరు దగ్గర సీసా మూతలు చేసే కంపెనీలో ఏసమ్మను అందరూ బ్యూలా జోడి అనేవారు. అక్కడి పద్ధతే అంత. మిషను మీద పేరు ఒక్కరిదే ఉంటుంది. రెండో మనిషిని, అంటే జోడిని, ఆ పేరున్నామే తన వాళ్లలోంచి తెచ్చుకోవాలి. జోడి కూలి కూడా ఆమె చేతిమీదుగానే అందుతుంది.

ఏసమ్మది గుమ్మడిదల వైపు. పొలం పనులు దొరక్క కొల్లూరు కాలనీకి వచ్చినప్పుడు, ఎదురింటి బ్యూలా పిలిచి పని ఇప్పించింది. చర్చిలో పక్కపక్కన కూర్చునేవాళ్లు మిషను దగ్గరా పక్కపక్కనే నిలబడ్డారు. "మీ ఇద్దరికి పెండ్లి జేస్తే వోతది" అని మిగతా ఆడవాళ్లు నవ్వేవారు.

మొన్న వానాకాలంలో ఏసమ్మ కుడిచేతి వేళ్లు రెండు మిషనులో నలిగిపోయాయి. నష్టపరిహారం అడిగితే, ఈమె మా మనిషే కాదంది కంపెనీ. ఏసమ్మ భయపడలేదు. సాక్ష్యానికి బ్యూలక్క ఉంది కదా!

లేబర్ ఆఫీసులో అధికారి నెమ్మదిగానే అడిగాడు.

"నిన్ను పనిలో పెట్టిందెవరమ్మా?"

"బ్యూలక్క సార్."

"సెలవు కావాలంటే ఎవరిని అడుగుతవు?"

"అక్కనే సార్."

అక్కను పెద్ద చేసి చెబుతున్నాననుకుంది. కంపెనీ వకీలు ముఖం వెలగడం చూశాక, తనను పెట్టుకున్నది కంపెనీ కాదని తన నోటితోనే చెప్పినట్టయిందని అర్థమైంది.

తర్వాత బ్యూలా వంతు. ఏసమ్మ మిషను మీద పనిచేసే సంగతి సూపర్‌వైజర్‌కు తెలుసా అని అడిగారు. రోజూ "ఏసమ్మా, చేతులు జల్దీ ఆడాలె!" అని అరిచే సూపర్‌వైజర్ సోమేశ్వర్ గోడవారగా నిలబడి ఉన్నాడు. బ్యూలా తల దించుకుంది.

"తెల్వదు సార్. నాకు బువ్వ తెచ్చేటిది. తనే చెయ్యి పెట్టింది."

బయట మెట్ల మీద బ్యూలా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నా నౌకరి పోతదని భయమైందే. ఇద్దరం రోడ్డున వడితే ఎట్ల?"

"నేనొక్కదాన్నే వడ్డ గదక్కా. ఇగ నీకు నిమ్మళమా?"

బ్యూలా గొంతు తగ్గించింది. "జోడి నిలవక మిషను ఆగుతదట. రేపటికి ఇంకో మనిషిని తెమ్మన్నడు సోమేశ్వర్ సారు. మీ తోటికోడలు వస్తదా?"

ఏసమ్మ ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది. "సారే తెమ్మన్నడా? నడువు, గిదే మాట లోపల జెప్పు."

"ఇడువే, పిచ్చిదానా! అందరు సూస్తున్నరు."

ఏసమ్మ రెండు మెట్లు పైకి ఈడ్చింది. బ్యూలా విదిలించుకుని, రోడ్డు మీదికి పోయి ఆటో ఎక్కింది. ఎక్కి, పక్కకు జరిగి చోటిచ్చింది. "రా, కిరాయి నేనిస్త."

ఏసమ్మ వెనక్కి తిరిగి లోపలికి వెళ్లింది. విన్న మాట అధికారికి చెప్పింది.

"ఈ మాట ఇంకెవరన్నా విన్నరా?" అన్నాడాయన.

"లేదు సార్. చెప్పినామె ఆటోల వోయింది."