ఆగమన్నవాళ్లు కారణం చెప్పాలి

మా తోటికోడలు చెట్లు కొడుతుంది. ఈ మాట అనగానే జనం ముందు నా మొహంలోకి, తర్వాత నా చేతిలోని సూదివైపు చూసి, "గొడ్డలితోనా?" అంటారు. గొడ్డలి కాదండీ బాబూ, మోటారు రంపంతో! దానికి తోడు ఓ ట్రాక్టరు, ట్రాక్టరుకు ముందు ఇనుప బకెట్టు, వెనక తీగతాడు చుట్టే వించ్, సీటు నెత్తిన ఇనుప చట్రం, ఇంత సరంజామా ఉంది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని ఇంట్లోవాళ్లంటారు. ఉంటుంది మరి. "ఆడమనిషికి ఈ పనేమిటమ్మా" అని నా కుట్టుమిషన్ ముందు నిలబడి అన్నవాడి చొక్కా ఒక పట్టాన నా దగ్గర్నుంచి కదలదు.

తోటికోడల్ని నేను అక్క అంటాను. అక్క ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆమెకు సైకిలు కూడా రాదట. చెట్లు కొట్టడం మా బావగారి పని, అంటే మావారి అన్నయ్యది. ఒకరోజు ఆయన భోజనం క్యారేజీ మరిచిపోతే ఇవ్వడానికి వెళ్లిన మనిషి, చెట్టు పడేదాకా ఉండి చూసి, మర్నాడు క్యారేజీ తనే దాచిపెట్టి మళ్లీ వెళ్లింది. ఇది నాకు అక్కే చెప్పింది, పొట్ట పట్టుకుని నవ్వుతూ. మొదట తాడు పట్టుకుంది. తర్వాత రంపం గొలుసు పళ్లకు ఆకురాయి పెట్టడం నేర్చింది. తర్వాత ట్రాక్టరెక్కింది. పడిన దుంగలు తనే కోసేది, సన్నపాటి చెట్లు తనే పడగొట్టేది. పెద్ద చెట్టు దగ్గర మాత్రం బావగారు రంపం ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు.

ఆయన్ని వీధంతా "వెనక్కి మేస్త్రీ" అంటుంది. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో పిల్లి కనబడినా "వెనక్కి! వెనక్కి!" అని అరుస్తారు కాబట్టి. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. నేను పొయ్యి వెలిగించబోతే వెనక్కి, మావారు అలమర తలుపు తీయబోతే వెనక్కి. ఈ ఇంట్లో ముందుకు నడిచిన మనిషంటూ ఉంటే అది అక్క ఒక్కతే.

ఆయన పెట్టిన నియమాల్లో ఒకటి నాకు భలే ఇష్టం. పని జరుగుతుండగా ఎవరు "ఆగు" అన్నా రంపం ఆగాల్సిందే. అన్నది మేస్త్రీనా, దారిన పోయేవాడా అని చూడకూడదు. ఆపినవాళ్లను తిట్టకూడదు. కానీ ఆపినవాళ్లు ఎందుకు ఆపారో అందరికీ వినబడేలా చెప్పాలి, అది చెప్పేదాకా రంపం మళ్లీ మోగకూడదు. ఓసారి నేను ఎర్రగుడ్డ పట్టుకుని దారి కాస్తూ ఉన్నట్టుండి "ఆగండి!" అని గావుకేక పెట్టాను. రంపం ఆగింది. అందరూ నావైపే చూశారు. "పాలు పొయ్యిమీద పెట్టి వచ్చాను" అన్నాను. బావగారు ఒక్క మాటనలేదు, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని నేను పాలు దింపి వచ్చేదాకా నిలబడ్డారు. మావారు మాత్రం ఇప్పటికీ పాలు చూస్తే చాలు, "ఆగండి" అంటారు.

ఇక ట్రాక్టరు సంగతి. కొన్నప్పుడు అది ఉత్త ట్రాక్టరే. అన్నదమ్ములిద్దరూ దానికి ముందు బకెట్టు తగిలించి, మురిసిపోయి, మొదటిరోజే ఓ లావుపాటి దుంగను ఎత్తబోయారు. దుంగ లేవలేదు, ట్రాక్టరు వెనక చక్రాలు లేచాయి. సీటు మీద ఉన్న మావారు ఉయ్యాలెక్కినట్టు గాల్లో ఉండిపోయి "అన్నయ్యా, దించు!" అని ఒకటే గోల. దించే మీట తన చేతిలోనే ఉంది పాపం! అప్పుడు అక్క, "ముందు బరువెత్తేదానికి వెనక బరువుండాలి కదా" అని ఇనుప డ్రమ్ములో కాంక్రీటు పోయించి వెనక తగిలించింది. పోసేటప్పుడు బావగారి చెప్పు అందులో జారిపోయింది. అది ఇప్పటికీ అందులోనే ఉంది, మాతోపాటు ప్రతి పనికీ వస్తుంది.

తర్వాత, ట్రాక్టరు బోల్తా పడినా మనిషి నలగకుండా సీటు పైన చట్రం కట్టించాలన్నారు బావగారు. మంచిమాటే. వెల్డింగ్ ఆయన్ని పిలిపించి, వానొస్తుందని షెడ్డులోనే పని పెట్టారు. చట్రం దిట్టంగా కుదిరింది, నిగనిగలాడే రంగు కూడా వేశారు. తీరా బయటికి తీద్దామంటే షెడ్డు గుమ్మం కంటే చట్రం పొడుగు! కిందినుంచి ఓ కర్ర పట్టి చూసి చెట్టెంత ఎత్తుందో చెప్పేసే మనిషి, తన గుమ్మం ఎత్తు చూసుకోలేదు. అక్క నవ్వీ నవ్వీ నేలమీద కూలబడింది. నేను మాత్రం గట్టిగానే తిట్టాను, ఆ షెడ్డు గోడకు ఆనుకునే నా కుట్టుగది ఉంది మరి. గుమ్మం పైన గోడ పగలగొడితే దుమ్మంతా నా గుడ్డల మీదే పడింది.

అలా నవ్వుతూ తుళ్లుతూ నడిచిన పని ఒక్క పొద్దున ఆగిపోయింది. ఇన్నేళ్లూ చెట్ల కింద ఒంటిమీద గీత కూడా పడని బావగారు స్నానాలగదిలో సబ్బు మీద కాలేసి, నడుం విరగ్గొట్టుకున్నారు. సబ్బుకు ఎవరైనా వెనక్కి అంటారా! మంచం దిగాక కూడా రంపం పట్టొద్దు, ట్రాక్టరెక్కొద్దు అని డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు. ఆయన మొహం చూడలేకపోయాం. గోడవైపు తిరిగి పడుకుని, ఒకరోజు ఉన్నట్టుండి, "బండి అమ్మేస్తున్నాను. ఇటుకబట్టీ ఆయన చూడ్డానికొస్తానన్నాడు" అన్నారు.

"ఎవరినడిగి అమ్ముతున్నారు?" అంది అక్క.

"నడిపేవాళ్లు లేరుగా."

"నేను చచ్చిపోయానా ఏం?"

"నడపడం వేరు, పెద్ద చెట్టు కింద నిలబడ్డం వేరు. నీ వల్ల కాదు."

అక్క గరిటె కింద పెట్టింది. "మన పెరట్లో ఎండిపోయిన చెట్టుంది కదా. దాన్ని నేను కొడతాను. చెప్పిన చోట పడుకోబెడితే బండి ఉంటుంది, పని నాది. గోడకు పెచ్చు ఊడినా సరే, బండి అమ్మేయండి, నేను నోరెత్తను."

ఆ చెట్టుకు ఒక పక్క వంటిల్లు, ఇంకో పక్క నా కుట్టుగది. చెట్టేమో వంటింటివైపు కాస్త వాలి ఉంది. రెండింటి మధ్య ఉన్న సందులోనే దాన్ని పడుకోబెట్టాలి. "మీ మొగుడూ పెళ్లాల పంతానికి మధ్యలో నా మిషన్లేం పాపం చేశాయి?" అని గయ్యిమన్నాను. అక్క నా భుజం తట్టి, "నీ మిషన్లకేం కాదే. నా ప్యాంటు పొడవైంది, కాస్త కురచ చేసిపెట్టు" అంది. నేను కత్తెర తీశానో లేదో కెవ్వుమంది. అది రంపం పనికి వేసుకునే ప్యాంటు, పొరపాటున రంపం తగిలితే లోపలి పీచు పళ్లకు చుట్టుకుని దాన్ని ఆపేస్తుందట. కత్తిరించకూడదు, మడిచి కుట్టాలి. మడిచి కుట్టాను, పళ్లు నూరుతూ.

చెట్టు కొట్టే రోజు పొద్దున్నే ఇటుకబట్టీ ఆయన కూడా వచ్చాడు, ట్రాక్టరు తోలుకుపోదామని. వీధి జనం సరేసరి, పనులన్నీ మానుకుని ప్రహరీ అవతల చేరారు. మేం ఇల్లు ఖాళీ చేసి, ఎర్రతాడు కట్టి అందరినీ దాని అవతల నిలబెట్టాం. బావగారికి తాడు బయటే కుర్చీ వేశాం. ఆయన నోరు తెరవకుండా చూసే పని నాకు పడింది.

అక్క రంపం ముట్టలేదు. ముందు మెడ పైకెత్తి చెట్టు చుట్టూ తిరిగింది. పైన ఓ ఎండుకొమ్మ విరిగి వేలాడుతుంటే తాడు విసిరి లాగి పడేసింది. కాళ్లకు అడ్డుపడే తుప్పలు కొట్టేసి, చెట్టు కదలగానే తను తప్పుకోవడానికి వెనకవైపు ఏటవాలుగా రెండు దారులు చేసుకుంది. చెట్టుకు పైన తాడు కట్టి, దాన్ని గేటు దగ్గర లావుపాటి మొద్దుకున్న కప్పీలోంచి తిప్పి వించ్‌కు తగిలించింది. అలాగైతే ట్రాక్టరు చెట్టు పడే దారిలో కాకుండా దూరంగా, పక్కన ఉంటుంది. మావారు సీటెక్కారు.

"నేను చెయ్యెత్తితే బిగించు. దించితే ఆపు. చెయ్యి కనబడకపోతే ఏమీ చెయ్యకు. తెలిసిందా, మరిదీ?"

"తెలిసింది వదినా."

"పాలు గుర్తు చెయ్యకు."

రంపం మోగింది. పడాల్సిన సందువైపు చెట్టుకు నోరు తెరిచినట్టు గాటు కోసి, ఆ ముక్క తీసి పక్కన పడేసింది. తర్వాత అవతలివైపుకు వచ్చి, ఆ నోటికి కాస్త పై ఎత్తున వెనక కోత మొదలుపెట్టింది. రెండు కోతల మధ్య కొంత చెక్క మిగల్చాలి. దాన్ని వీళ్లు కీలు అంటారు. చెట్టు దానిమీదే ఒరుగుతుంది, అది తెగిపోతే ఇక ఎవరి మాటా వినదు. కోత మూసుకుపోకుండా అందులోకి ప్లాస్టిక్ ముక్క ఒకటి సుత్తితో దిగగొట్టింది. నాకు కళ్లు మూసుకోవాలని ఉంది, చూడాలనీ ఉంది.

"ఆగు!"

ఆ కేక పెట్టింది బావగారు. నేను ఆయన నోరు మూసేలోపే!

రంపం ఆగింది. అక్క రెండడుగులు వెనక్కి తప్పుకుని పైకి చూసింది. మేమందరం పైకి చూశాం. వీధి వీధంతా పైకి చూసింది. అక్కడ ఎండుకొమ్మలు, ఆకాశం తప్ప ఏమీ లేదు.

"ఎందుకాపారు?" అంది అక్క.

"గాలి..." అన్నారు బావగారు. తీగమీద నేను ఆరేసిన గుడ్డల్లో ఒక్కటీ ఊగడం లేదు.

"గాలి లేదు. ఎందుకాపారు?"

"తాడు సరిగ్గా..." మావారు తాడు చూసి, బాగానే ఉందని చెయ్యూపారు.

"కారణం చెప్పండి. మీరు పెట్టిన నియమమే. చెప్పేదాకా నేను రంపం ముట్టను."

బావగారు తల దించుకున్నారు. జీవితంలో తలనొప్పి వచ్చినా ఒప్పుకోని మనిషి ఆయన. ఇటుకబట్టీ ఆయన ముందు, వీధి జనం ముందు, అందరికీ వినబడేలా, "భయమేసింది" అన్నారు. "చెట్టు బాగుంది. కోత బాగుంది. నాకే భయమేసింది. నీకేమన్నా అయితే నేనెలా..."

ప్రహరీ అవతల ఎవడో కిసుక్కుమన్నాడు. నేను చూసిన చూపుకు వాడి నవ్వు గొంతులోనే ఎండిపోయింది.

బావగారు తలెత్తారు. "చెట్టు కింద నేనున్నప్పుడు ఎన్నడూ భయం తెలియలేదే. ఇలా బయట కూర్చుంటే... ఇన్నేళ్లూ నీకు ఇలాగే ఉండేదా?"

"రోజూ" అంది అక్క.

"మరి ఒక్కసారైనా ఆగు అనలేదేం?"

"అంటే కారణం చెప్పాలిగా!"

అని ఫక్కున నవ్వింది. హెల్మెట్ జాలీ వెనక ఆమె కళ్లు తడిగా ఉండడం నాకు కనబడింది. నాకూ ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్లొచ్చాయి. అక్క రంపం తాడు పట్టుకుని, "ఇక మొదలుపెట్టనా?" అని అడిగింది. బావగారు తల ఊపారు.

చెయ్యెత్తింది. తాడు బిగిసింది. ఇంకాస్త కోత, సుత్తితో ఇంకో దెబ్బ. చెట్టు కిర్రుమంది. అక్క రంపం ఆపి, తను చేసుకున్న దారిన చకచకా నడిచి వెళ్లిపోయింది. చెట్టు తీరిగ్గా, ఎవరో చెయ్యిపట్టి పడుకోబెట్టినట్టు, ఒరుగుతూ ఒరుగుతూ ధన్‌మని సందులో పడింది. నేల అదిరింది. దుమ్ములో ఎవరికీ ఎవరూ కనబడలేదు. దుమ్ము తగ్గేసరికి నేను, "పడింది! పడింది!" అని ఎర్రగుడ్డ గిరగిరా తిప్పుతూ గెంతుతున్నానట. నాకైతే గుర్తులేదు. ఉతికి ఆరేసిన చొక్కాలన్నీ మట్టిరంగుకు తిరిగాయి, నేను ఎవరినీ తిట్టలేదు. నన్ను ఎరిగినవాళ్లకు అదే పెద్ద వింత.

ఇటుకబట్టీ ఆయన మాత్రం వదలకుండా గోడలు వెతికాడు. "ఇదిగో, పెచ్చూడింది!" అని నా కుట్టుగది గోడ చూపించాడు. "అది నేను మేకు కొడితే ఊడిందయ్యా మహానుభావా, వెనకటేడు!" అన్నాను. అతను బావగారివైపు తిరిగాడు.

"అయితే బండి?"

"బండి అమ్మడం లేదు. ఆవిడకి పనుంది" అన్నారు బావగారు.

అక్క హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుంటూ వచ్చి ఆయన కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది.

"రేపు బడి వెనక చెట్టు కొట్టాలి" అంది అక్క. "మీరెందుకులెండి, ఇంట్లో పడుకోండి. మళ్లీ ఇంత యాతన పడతారు."

"వస్తాను" అన్నారు బావగారు. "భయపడ్డానికి మన మనిషంటూ ఒకరుండాలిగా."