పీలీ మణి

హిందీ మాట్లాడే ఆ ఉక్కు ప్లాంటు ఊళ్ళో పవర్ హౌస్ మార్కెట్ వెనక, పప్పుల దుకాణాల మధ్య ఇరుక్కుని ఒక పొడుగాటి గోదాం ఉంది. బోర్డు మీది ఇంగ్లీషు పేరు ఎవరికీ నోరు తిరగదు కనుక క్యాంప్ 1లోని తెలుగువాళ్ళు దాన్ని ముక్కల గోదాం అంటారు. అన్న మాట నిజమే, అందులో ఉండేవన్నీ ముక్కలే. పాలరాయి ముక్క, టైలు ముక్క, లామినేటు ముక్క, గోడలకు పూసే రకరకాల పూతలు వేసిన అరచేతిపాటి పలకలు. ఇళ్ళకు ప్లాన్లు గీసే ఆర్కిటెక్టులు భోపాల్‌లోనో నాగపూర్‌లోనో కూర్చుని వెబ్‌సైట్‌లో నచ్చినవాటి మీద నొక్కుతారు. ఇక్కడ డబ్బా కట్టి పంపుతారు. చూసుకుని వద్దనుకున్నవి అదే డబ్బాలో వెనక్కి పంపేయాలి.

ఆ డబ్బాలు కట్టేది అరుణజ్యోతి. నలభైకి దగ్గరపడ్డా పెళ్ళి చేసుకోలేదు. రాళ్ళు పోస్టు చేసి జీతం తీసుకునే మనిషిని నిన్నే చూశామని వీధిలో ఆడవాళ్ళు ఏడిపిస్తే, మీ ఆయన లోకో షెడ్డులో నిద్రపోయి తీసుకోవడం లేదా అని ఎదురు తగిలేది. తండ్రి నూకరాజు శ్రీకాకుళం నుంచి వచ్చి, ప్లాంటులో కోక్ ఒవెన్ల దగ్గర ఒళ్ళు మాడ్చుకుని, రిటైరై, పోయాడు. అరుణ ఇక్కడే పుట్టింది. తెలుగు మాట్లాడుతుంది గాని రాయడం రాదు. తల్లి జోగమ్మకేమో ఇన్నేళ్ళైనా హిందీ కూరగాయల బేరం దాటలేదు. ఒకే ఇంట్లో ఉన్న ఈ ఇద్దరి మధ్యా ఎంత సందు ఉందో ఒక చిన్న మాట అడ్డం వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు.

వాళ్ళ వంటగదిలో తూర్పు గోడకి నిలువుగా పసుపు పూత ఉండేది, దాని మీద కుంకుమ బొట్లు. అది అరుణ అప్ప, అంటే అక్క, మణిమాల. పెళ్ళయి, కాపురానికి పంపబోయే ముందు జ్వరం వచ్చి పోయింది. అరుణ అప్పటికి పలక పట్టుకుని బడికి వెళ్ళే పిల్ల. ముత్తైదువుగా పోయిన పిల్ల ఇంటిని కాచే పేరంటాలవుతుందని పెద్దవాళ్ళు చెబితే, జోగమ్మ గోడకి పసుపు రాసి కూతుర్ని అక్కడ నిలబెట్టుకుంది. అప్పటినుంచి ఒక్క శుక్రవారం తప్పలేదు. పసుపు రాస్తుంది, బొట్లు పెడుతుంది, వారంలో జరిగినవన్నీ చెబుతుంది. అరుణకి వచ్చిన సంబంధాలు కూడా గోడకి చెప్పి, ఆ తర్వాత వద్దని కబురు చేసేది. ఒక కూతుర్ని గడప దాటించబోయి పోగొట్టుకున్న మనిషికి రెండో కూతుర్ని పంపే ధైర్యం లేకపోయింది. అరుణకి కోపం వచ్చిన మాట నిజం. కానీ ఆ కోపం గోడని చూసేసరికి చల్లారిపోయేది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పేరంటాలిని పేరుపెట్టి పిలవకూడదు. ఇల్లు మారేటప్పుడు మాత్రమే పేరు పెట్టి, మా వెంట రా అని పిలవాలి. ఊరికే పిలిస్తే ఎవరు పిలిస్తే వాళ్ళ వెంట వెళ్ళిపోతుందట. అందుకని ఇంట్లో పెద్దమ్మాయి అనే అనేవారు. మనమూ ఇకనుంచి అలాగే అందాం.

గోదాం నడిపే రాజాబాబు నెహ్రూ నగర్‌లో పుట్టి పెరిగిన ప్లాంటు ఆఫీసరు గారి అబ్బాయి. ఒకరోజు అరుణని బండి మీద ఇంటి దగ్గర దింపి, మంచినీళ్ళకని లోపలికి వచ్చి ఆ గోడని చూశాడు.

"దీదీ, యే క్యా హై! ఇంత మంచి ఫినిష్ నేనెక్కడా చూళ్ళేదు. పొర మీద పొర... దీన్ని కాపీ చేద్దాం, ప్లీజ్. ఆర్కిటెక్టులు ఎగబడతారు."

జోగమ్మ రేషన్‌కి వెళ్ళింది. గోడ అడుగున చిన్న పెచ్చు ఊడి ఉంది. అరుణ దాన్ని తీసి కాగితంలో చుట్టి ఇచ్చింది. ఎందుకిచ్చిందని తర్వాత తనని తాను చాలాసార్లు తిట్టుకుంది గాని, ఆ నిమిషాన ఆమెకి కలిగింది సంతోషమే. ఈ వీధి దాటని అప్ప నాలుగు ఊళ్ళు చూస్తుందనుకుంది. ఆ రంగుకి పేరు పెట్టమన్నప్పుడు కూడా ఆ ముచ్చటతోనే పెట్టింది. పసుపుపచ్చదానికి హిందీ మాట పీలీ. రెండో మాట అప్ప పేరులో సగం.

పీలీ మణి బాగా నచ్చింది అందరికీ. రోజూ ఆ పలకలు వెళ్ళేవి. కొన్నాళ్ళకి తిరిగి రావడం మొదలుపెట్టాయి. వచ్చినవన్నీ చెమ్మగా ఉన్నాయి. వాటిలో కలిపింది రంగు, సున్నం తప్ప మరేమీ కాదు, అయినా డబ్బా విప్పితే పచ్చి పసుపు వాసన గుప్పుమనేది. రాజాబాబు వానాకాలం కదా అన్నాడు. భోపాల్ నుంచి ఒకాయన, పార్సెల్‌తో పాటు వచ్చిన అమ్మాయి ఆఫీసు గుమ్మంలోనే నిలబడి ఏదో భాషలో అడుగుతోంది, మీ మనిషేనా అని రాశాడు. రాజాబాబు నవ్వి, కొరియర్ వాళ్ళలో ఆడపిల్లలు కూడా చేరారన్నమాట అన్నాడు. అరుణ నవ్వలేదు. ఆమె చేతిలోని పలక మీద, వెళ్ళేటప్పుడు లేని కుంకుమ బొట్టు ఉంది.

ఆ శుక్రవారం ఇంట్లో పసుపు గోడకి అంటలేదు. జోగమ్మ తడిపి రాసింది, నూనె కలిపి రాసింది. రాసింది రాసినట్టే పొడిపొడిగా కింద రాలింది. ముసలామె గోడకి చెవి ఆనించి చాలాసేపు కూర్చుంది.

"నేదే, బుజ్జీ. పెద్దమ్మాయి ఇంట్లో నేదు" అంది అరుణతో.

అన్నం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. డాక్టరు వచ్చి ఏమీ లేదన్నాడు. అరుణకి భయం వేసింది. తల్లిని ఊరడించాలని తిరిగి వచ్చిన పలక ఒకటి ఇంటికి తెచ్చి ఒళ్ళో పెట్టి, జరిగింది చెప్పేసింది. జోగమ్మ తిట్టలేదు. పలక వెనక అతికించిన చీటీ మీద వేలు పెట్టింది.

"ఇదేటి రాసినారు?"

చీటీ మీద ఇంగ్లీషు అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాలకు దీర్ఘాలు ఉండవు. అరుణ వాటిని ఉన్నవి ఉన్నట్టు కూడబలుక్కుని చదివింది.

"పిలి మణి."

జోగమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "పిలి... పిలు, మణిని పిలు, అనేనా? ఎవలు పిలమన్నారే? ఊరూరా దాన్ని పిలమని నువ్వే రాసి పంపినావా?"

పసుపుపచ్చ అని అరుణ హిందీలో పెట్టిన మాట తల్లి చెవికి తెలుగులో పిలుపైంది. తల్లి చెవికే కాదు, అప్ప చెవికీ అంతే అయ్యుంటుంది. అప్పకి మాత్రం హిందీ ఎక్కడ వచ్చు?

మర్నాడే వెబ్‌సైట్‌లోంచి ఆ పేరు తీసేయించింది. రాజాబాబు గొణిగినా లెక్కచేయకుండా, పలకలు అందుకున్న ప్రతి ఒక్కరికీ ఫోను చేసి వెనక్కి పంపమని బతిమాలింది. ఒక్కొక్కటే వచ్చాయి. వచ్చినదాన్నల్లా జోగమ్మ గోడ దగ్గర పెట్టి, పసుపు అంటుతుందేమోనని తడిమేది. గోడ పొడిగానే ఉండేది. పెద్దమ్మాయి వాటిలో లేదు. నాగపూర్‌లో ఛాయ అనే ఆర్కిటెక్టు దగ్గరిది ఒక్కటే రాలేదు. గుక్కెడు గంజి మీదే ఉన్న జోగమ్మ అప్పటికి మంచం దిగలేకుండా ఉంది. అది కూడా ఉత్తిదే అయితే తల్లి బతకదని అరుణకి అర్థమైంది.

ఆదివారం పొద్దున తల్లి పక్కనే కూర్చుని ఫోను చేసింది. అవతల ఛాయ హిందీలో మాట్లాడింది.

"వాపస్ కావాలా? పొద్దున్నే ఇచ్చేశాను కదా. మీ గోదాం అమ్మాయే వచ్చింది. పసుపు బట్టలు, చేతినిండా గాజులు, కొత్త పెళ్ళికూతురిలా ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. పలక తీసుకుని ఏదో అని వెళ్ళిపోయింది."

"ఏమంది?" అంది అరుణ.

"మీ భాష కాబోలు. ఎల్... ఎల్లొత్తాను? అంటే ఏమిటి?"

ఫోను స్పీకరు పెట్టి ఉంది. జోగమ్మ విన్నది. జ్వరంతో ఆస్పత్రికి తీసుకెళ్ళే ఆటో ఎక్కుతూ పెద్దమ్మాయి తల్లితో చివరిసారి అన్నది ఆ మాటే.

"వెళ్ళి వస్తాను అని" అరుణ హిందీలో చెప్పి ఫోను పెట్టేసింది.

జోగమ్మ మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది. "దానికి దారి తెలీదే. ఎప్పుడూ ఒంటరిగా ఈదిలోంచి బయటికెల్లిన పిల్ల కాదు. నువ్వే పంపినావు, నువ్వే పిలు."

"పేరెట్టి పిలవకూడదన్నావు కదమ్మా."

"ఇప్పుడు పిలు."

అరుణ వీధి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. ఎండ కాస్తోంది. ఎదురింటి ఆవిడ ఆరేసిన బట్టల మీంచి ప్లాంటు దుమ్ము దులుపుకుంటోంది. సందులో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. వాళ్ళందరి ముందూ, లేని మనిషిని, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ నోటితో అనని పేరుతో పిలవాలి. లోపలినుంచి తల్లి దగ్గు వినబడింది.

"మణీ" అంది. ఆట ఆగిపోయింది. "మణిమాలా! మా యెంట రా! ఇంటికొచ్చీ అప్పా!"

సందు చివరిదాకా చూసింది. ఎవరూ రాలేదు. ఇంకోసారి పిలుద్దామని ఊపిరి తీసుకుంటుంటే వెనకనుంచి, వంటగదిలోంచి, పడుచుపిల్ల గొంతు విసుక్కుంది.

"ఏటే బుజ్జీ, ఎందుకలా అరుత్తావు? ఇంట్లోనే ఉన్నాను కదా."

అరుణ వెనక్కి తిరగలేదు, తిరిగే ధైర్యం లేదు. లోపల తల్లి ఏడుస్తూ, ఏడుస్తూనే వారాల తరబడి దాచుకున్న కబుర్లన్నీ గబగబా చెప్పేస్తోంది. మధ్యమధ్యలో ఎవరో ఊఁ కొడుతున్నారు. కాసేపటికి జోగమ్మ, ఎన్నాళ్ళకో, ఆకలేస్తోంది అన్నం పెట్టమని కేకేసింది.

అరుణ లోపలికి వెళ్ళింది. గోడ తడిగా, పసుపుపచ్చగా ఉంది. దాని అడుగున నాగపూర్ పలక ఆనించి ఉంది. చీటీ వైపు బయటికి ఉంది గాని, మీద రాసిన పేరుని ఎవరో తడి పసుపు వేలితో పూర్తిగా కొట్టేశారు.

ఆమె రెండు కంచాలు తీసింది. జోగమ్మ మూడోది కూడా పెట్టమంది.