చెదల కుండ

మా అత్తకు కోడి దాణా అంటే పడదు. సంచి మేత తిన్నది కోడే కాదంటుంది. పెద్దవాటికి నూకలు, జొన్నలు, పెంట మీద పురుగులు. పిల్లలకైతే చెదలు. పాత కుండలో పేడ, తడి గడ్డి కూరి పుట్ట మీద బోర్లిస్తే తెల్లారేసరికి లోపల చెదలు కుప్పగా చేరతాయి. దాన్ని తెచ్చి దులిపితే కోడిపిల్లలు ఎగబడి తింటాయి. ఆ మేతతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆమె నోటితోనే.

ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఒక్క నల్ల పెట్ట. మా అమ్మ మాచర్ల బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి ఇచ్చింది. అది మొదటిసారి పిల్లలను లేపింది. గద్ద తన్నుకుపోకుండా ఎలాగైనా వాటిని దక్కించుకోవాలని గంప దగ్గరే కాపలా కూర్చునేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే అత్త మిరప చేను గట్టు మీది పుట్ట నుంచి కుండ తెచ్చింది. ముందురోజే మా ఆయన ఆ పుట్టలో చెదల మందు పోశాడు.

"అత్తయ్యా, ఆ పుట్టకి నిన్ననే మందు పోశాడు. వెయ్యొద్దు."

"మందు పోస్తే చెదలెట్టా బతికుంటయ్యే? చూడు, ఎట్టా పాకతన్నయ్యో. ఫోన్లో రెండు వీడియోలు చూసి నాకు చెప్పొచ్చావా?"

తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. కుండ నా చేతుల్లో పెట్టింది. నేను కదలకపోతే నా మణికట్టు పట్టుకుని తనే విదిలించింది. పెట్ట పిలిచింది, పిల్లలన్నీ పరిగెత్తుకొచ్చాయి.

మధ్యాహ్నానికి వాటి మెడలు వాలిపోయాయి. నోట్లో నీళ్లు పోస్తూ కూర్చున్నాను. ఒక్కటీ దక్కలేదు. అత్త వాటిని కాళ్లు పట్టి పెంటలోకి విసిరేసి, చూడవచ్చిన ఇరుగమ్మలతో "దీని చెయ్యే అంత. ఏది ముట్టుకుంటే అది నాశనం" అంది. వాళ్లు తలలూపారు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ.

పెట్టకు ఏమీ కాలేదు. పెంట గీరి పురుగు దొరికితే మింగకుండా పిల్లలను పిలిచేది. ఎవరూ రాకపోతే దాన్ని ముక్కుతో ఎత్తి, కింద పెట్టి, మళ్లీ పిలిచేది. నేను వినలేక లోపలికి వెళ్లిపోయాను.

"పిల్లల్లేకుండా ఊరికే అరుస్తంది. కోసెయ్యండి. నరసరావుపేట నుంచి మనోళ్లొస్తన్నారు" అంది అత్త ఆ సాయంత్రమే. వద్దని ఏడ్చాను. మా ఆయన నావైపు చూడకుండా కత్తి తెచ్చాడు.

బొచ్చు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాశాక అత్తే ముక్కలు కొట్టడానికి కూర్చుంది. అన్నిటికంటే ముందు మెడ కింద మేత నిలిచే తిత్తిని చీల్చింది. వేళ్లతో కెలికి, వాసన చూసింది.

"చెద ఒక్కటి కూడా లేదు. అన్నీ పిల్లలకే వదిలింది పిచ్చిముండ. భయం లేదు, తినొచ్చు."

నా ఒళ్లు మండిపోయింది. "పిల్లలు చచ్చింది నా చేతి గుణాన గదా అత్తయ్యా? మరి తిత్తెందుకు వాసన చూశావు?"

ఆమె తడుముకోలేదు. "మసాలా నూరు" అంది.

నూరాను. చుట్టాలు వేళ్లు నాకుతూ దాణా ఎరగని కోడి రుచే వేరన్నారు. అత్త మురిసిపోతూ నా కంచంలో కాలు ముక్క వేసింది.

"అంతా మా కోడలి చెయ్యి. అదే మేపింది" అంది.