పెళ్లిచూపులకొచ్చిన గాలి పడవ

ఆ రోజుల్లో నాకు తెలియని పని ఈ లోకంలో లేదని నా గట్టి నమ్మకం. భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున ఒక చెరువు మీద బోటింగ్ నడిపేవాళ్ల దగ్గర కొత్తగా చేరాను. కల్లూరులో మా నాన్న మాత్రం కనిపించిన ప్రతివాళ్లకీ "మా అమ్మాయి మేనేజరు" అని చెప్పుకునేవాడు. (మేనేజరునే, కాకపోతే నా కింద పనిచేసేదీ నేనే.) గాలి నింపే కయాక్‌లకు, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవలకు, అంచులు అతికిన చోట గాలి పోతుంటే బాగుచేయడం కూడా నా పనే. కుంకుడు నురుగు పూస్తే గాలి పోయే చోట బుడగలు లేస్తాయి. అక్కడ గుర్తు పెట్టి, గాలి తీసేసి, స్పిరిట్‌తో తుడిచి, గమ్ము రాసి పట్టీ అతికించి, పైన ఇటుకలు పెట్టి ఒక రోజంతా ముట్టుకోకూడదు. ముట్టుకోకుండా ఉండటమే అన్నిటికన్నా కష్టం.

ఒకరోజు మోచేతుల దాకా నురుగుతో కూర్చుని ఉండగా, చెప్పాపెట్టకుండా తిరుమలాయపాలెం నుంచి పెళ్లికొడుకూ, వాళ్లమ్మా దిగారు. అతని ఫొటో అంతకుముందే ఇంట్లో చూశాను, నచ్చాడు కూడా. (ఆ సంగతి మా అమ్మకు సైతం చెప్పలేదు.) అందుకే ఆ అవతారంలో దొరికిపోయినందుకు ఏడుపొక్కటే తక్కువ. ఆవిడ నన్నూ బకెట్‌నూ మార్చి మార్చి చూసి, "మీ నాయన మేనేజర్ అన్నడు. గిదేంది బిడ్డా, పడవలు తోముతున్నవ్?" అంది. "తోముత లేనమ్మా, గాలి యాడికెల్లి పోతుందో చూస్తున్న" అని, గొప్పకు పోయి వాళ్ల ఎదుటే పట్టీ అతికించి చూపించాను. మిగతా పడవలన్నీ అప్పటికే జనంతో చెరువులో ఉన్నాయి. "ఇగ ఎక్కుదమా?" అందావిడ. "ఇయ్యాల కాదమ్మా, రేపటిదాకా ఆరాలె" అన్నాను. "బస్సులు మారి మారి వస్తిమి, గింత మొండితనమా?" అని ఆవిడ మొహం ముడుచుకుంది. సంబంధం పోయిందనే అనుకున్నాను. అతను మాత్రం నింపాదిగా, "రేపు నేనొస్తలే అమ్మా, తొందరేముంది" అన్నాడు.

మర్నాడు నిజంగానే ఒక్కడే వచ్చాడు. గాలి నింపి చూస్తే పట్టీ దగ్గర ఒక్క బుడగ లేదు. ఆ సంబరంలో గాలి నింపే వాల్వు మూత బిగించడం మర్చిపోయాను. లైఫ్ జాకెట్ వేసుకుని అతను ఒడ్డు పక్కనే తెడ్డు వేస్తుంటే, నేను గట్టు మీద నిలబడి నా పట్టీని మురిపెంగా చూసుకుంటున్నాను. అతను కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంటే చేపల్ని చూడటానికి వంగుతున్నాడనుకున్నాను. మర్యాదస్థుడు కదా, కొత్త ప్యాంటు నడుం దాకా తడిసే వరకూ నోరెత్తలేదు. అప్పుడు కూడా, "ఏమండీ, గిది గిట్లనే ఉంటదా?" అని అడిగాడు, అంతే. ఆ వెంటనే పడవ మధ్యకు మడతపడింది.

నడుంలోతు నీళ్లలోంచి నడిచి వచ్చి, ప్యాంటు పిండుకుంటూ, తడిసిన తన ఫోన్ పక్కన పెట్టి, నా ఫోన్ అడిగి తీసుకుని వాళ్లమ్మకు చేశాడు. "పడవ మునిగిందమ్మా. పిల్ల నచ్చింది" అన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పటి నేనైన ఆ పిల్ల మీద కాస్త జాలి కూడా కలుగుతుంది. ఆ రెండు మాటల్లో ఆ పిల్ల మొదటిదే పట్టుకుని, అతను బస్సెక్కేదాకా అది అతుకు తప్పు కాదనీ, వాల్వు తప్పనీ వివరిస్తూనే ఉంది.