మావయ్య అడిగిన నలభై ఒక్క ప్రశ్నలు

మా మావయ్యకు ఉన్న ఒకే ఒక్క దురలవాటు ప్రశ్నలు అడగడం. ప్రశ్నలు అందరూ అడుగుతారు. కానీ తను స్వయంగా రాసిన ప్రోగ్రాం ఎలా వాడాలో నలుగురిలో నిలబడి, ముక్కూ మొహం తెలియని వాళ్ళను కూడా అడిగిన మనిషి నాకు తెలిసి ఆయనొక్కరే. వండినవాడే బంతి మధ్యకు వచ్చి, "బాబూ, దీన్ని ఎలా తింటారు?" అని అడిగినట్టు ఉండేది వ్యవహారం.

ఆయన బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు టైమ్ కీపరుగా చేశారు. బస్సు ఎప్పుడొస్తుందని జనం అడిగీ అడిగీ ఆయన ప్రాణం తోడేశారు. దానికి ప్రతీకారంగా ఆయన నలభై తొమ్మిదో ఏట కంప్యూటర్ నేర్చుకుని, ఏ బస్సు ఎంతసేపట్లో వస్తుందో స్టాపులోని బోర్డు మీద చూపించే ప్రోగ్రాం రాశారు. అంతటితో ఊరుకోక కోడు మొత్తం ఇంటర్నెట్లో బహిరంగంగా పెట్టేశారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. వచ్చిన దిద్దుబాటును అసలు ప్రోగ్రాంలో కలిపే అధికారం మాత్రం ముగ్గురిదే. దాన్ని మేము 'తాళం' అనేవాళ్ళం. ఒక తాళం మావయ్యది, రెండోది మేనల్లుణ్ణి గనక నాది, మూడోది జడ్జిగారిది.

జడ్జిగారు న్యాయస్థానం గడప తొక్కినవారు కారు. పంపుసెట్ల కంపెనీలో ఇంజినీరు. ఎవరేం పంపినా 'తిరస్కరించడమైనది' అని ఒక్క ముక్క రాసి, కారణం చెప్పకుండా లేచిపోయేవారు కనుక ఆ బిరుదు. ఆయన దగ్గర ఒకసారి ఆ ముక్క అందుకున్న కొత్తవాళ్ళు మళ్ళీ మా ఛాయలకు వచ్చేవారు కాదు. దీన్ని మేము నాణ్యత అనుకునేవాళ్ళం.

ప్రోగ్రాం గురించి మాట్లాడుకోవడానికి ఇంటర్నెట్లో మాకొక చర్చావేదిక ఉండేది. అందులో రెండు మూడు నెలలకోసారి మావయ్య పేరు మీద ఒక ప్రశ్న ఉదయించేది.

"నల్ల తెర వచ్చింది. నేనేం పాడుచేశాను?" అని ఒకసారి. "ఎంటర్ నొక్కమన్నారు, ఎంతసేపు నొక్కి పట్టుకోవాలి?" అని ఇంకోసారి. "ఈ నల్ల తెర మూసేస్తే నిజం బస్సులు ఆగిపోతాయా?" అని మరోసారి. ఒకరోజు ఏకంగా, "'మీ పేరు ఇక్కడ రాయండి' అన్నచోట నేను 'మీ పేరు' అనే రాశాను. ఒప్పుకోవడం లేదు" అని ఫిర్యాదు.

జవాబులు చెప్పే భారం నా మీద ఉండేది. నా జవాబులు పొట్టివి, ఘాటైనవి. నవ్వేవాళ్ళు నవ్వేవారు. మావయ్య మాత్రం దున్నపోతు మీద వాన కురిసినట్టు, "ధన్యవాదాలు, ఇప్పుడు అర్థమైంది" అని రాసి, నా జవాబులోని ఘాటంతా తీసేసి, మిగిలిన పిప్పిని సూచనల పుస్తకంలో చేర్చేవారు. నేను రెండు పేజీల్లో ముగించిన ఆ పుస్తకం ఆయన చేతిలో పడి అరవై పేజీలైంది.

అందులో నాలుగో మెట్టు దగ్గర 'పాత ఫోల్డరు తీసేయండి' అని రాసింది నేను. మావయ్య అడిగారు: "నా దగ్గరున్న ఫోల్డర్లన్నీ పాతవే. అన్నీ తీసేశాను. ఇప్పుడేం చేయాలి?" నేను రెండు రోజులు నవ్వి, మూడో రోజు, "మీరు అసలు బడికి వెళ్ళారా?" అని జవాబు రాశాను. పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతి కాదని తెలుసు, కానీ ఇంటర్నెట్లో మేనమామ కూడా మనిషిలా కనపడడు.

ఆ వారం వాళ్ళింటికి వెళ్ళి నేరుగానే అడిగాను.

"మావయ్యా, నీకేమైనా మతిమరుపు వస్తోందా?"

"ఎవరన్నార్రా?"

"నువ్వడిగే ప్రశ్నలే అంటున్నాయి."

పక్కన బట్టలు మడతపెడుతున్న అత్తయ్య అందుకుంది. "మతిమరుపా ఈయనకా? పెళ్ళిచూపుల్లో నేను గుమ్మానికి తట్టుకున్న సంగతి మొన్న కూడా నలుగురిలో చెప్పారు. ఏ కాలో కూడా చెప్పారు."

"ఎడమ కాలు," అన్నారు మావయ్య.

ఇలా తొమ్మిదేళ్ళు గడిచాక, ఒక పెద్ద రవాణా సంస్థ మా ప్రోగ్రాం తీసుకుందామని వచ్చి, వేదిక అంతా చదివి, రాసినాయనకే తెలియని ప్రోగ్రాం మాకెందుకని వెళ్ళిపోయింది. జడ్జిగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ప్రోగ్రాం వాడేవాళ్ళం ఏడాదికోసారి కలుసుకునే సభలో ఈసారి మావయ్య తాళం తీసేసుకోవాలని తీర్మానం రాశారు. నేనూ కాదనలేదు. అయినా రక్తసంబంధం ఉంది కనుక ముందు రోజు వెళ్ళి, ఇకమీదట అలాంటి ప్రశ్నలు అడగనని ఒక్క మాట అంటే తాళం దక్కుతుందని నచ్చజెప్పాను.

"అనను," అన్నారు మావయ్య.

"అబద్ధానికైనా అను."

"రేపు తెలియకపోతే ఎవరు అడుగుతార్రా?"

"నీకు తెలుసు కదా."

"అది వేరే విషయం," అని పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆలస్యంగా వచ్చిన బస్సును సమయానికి వచ్చినట్టు రాయమని ఎందరు అధికారులు చెప్పినా రాయని మనిషి. ఆయన్ని కదపడం కన్నా డిపోను పక్క వీధికి జరపడం తేలిక.

సభ ఆదివారం పొద్దున డిపో మేడ మీద, డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే గదిలో జరిగింది. ఆ ఏడు పాతిక మంది వచ్చారు. జడ్జిగారు అభియోగపత్రం లాంటి కాగితం తీసి, మావయ్య అడిగిన ప్రశ్నలు నలభై ఒకటినీ వరస నంబర్లతో చదివారు. మొదట్లో బెంచీకి ఒకరిద్దరు నవ్వారు. నవ్వు క్రమంగా తగ్గడం నేను గమనించాను గానీ, విసుగు పుట్టిందనుకున్నాను.

"ఇవన్నీ అడిగింది మీరేనా?" అన్నారు జడ్జిగారు.

"నా పేరే ఉంది కదండీ."

"ప్రోగ్రాం రాసింది కూడా మీరే కదా. మరి ఎందుకు అడిగారు?"

"తెలియక."

ఇక అడగనని మాటిస్తే తాళం మీదేనని జడ్జిగారు చివరి అవకాశం ఇచ్చారు. మావయ్య లేచి నిలబడ్డారు. "తాళం తీసుకోండి. అది లేకపోయినా ప్రశ్న అడగొచ్చు కదా," అన్నారు. షిఫ్టు దిగేటప్పుడు రిజిస్టరు అప్పగించే మనిషిలా ఉన్నారు. కానీ ఆ తాళం వెనకాల ఆయన తొమ్మిదేళ్ళ పొద్దులున్నాయి.

అప్పుడు వెనక బెంచీలోంచి కండక్టరమ్మ లేచింది. ఆవిడది వేరే డిపో. దాటిపోయిన బస్సును కూడా 'వస్తోంది' అని చూపించే మా ప్రోగ్రాం పురాతన జబ్బును కిందటేడు కుదిర్చింది ఆవిడే. జడ్జిగారు మారు మాట్లాడకుండా కలిపిన దిద్దుబాటు చరిత్రలో అదొక్కటే.

"పదిహేడోది నాదండీ," అంది.

"ఏది?" అన్నారు జడ్జిగారు.

"ఫోల్డర్లన్నీ తీసేసింది నేను. అందరి ముందూ అడగడానికి మొహం చెల్లక వీరికి విడిగా రాశాను. వీరు ఆ సాయంత్రమే ఫోన్ చేసి ఫోల్డర్లన్నీ వెనక్కి తెప్పించారు. మర్నాడు చూస్తే నా ప్రశ్న వీరి పేరు మీద ఉంది. అదేంటండీ అంటే, నీలాంటి వాళ్ళు ఇంకా పదిమంది ఉంటారమ్మా, జవాబు వాళ్ళకీ కావాలి, తిట్లు నాకొచ్చినా ఫరవాలేదు అన్నారు." ఆవిడ నా వైపు తిరిగింది. "బడికి వెళ్ళారా అని మీరు రాశారు. నేను ఎనిమిది దాకానే వెళ్ళానండీ. ఆ మాట నా పేరు మీద పడి ఉంటే కంప్యూటర్ మూసేసి ఇంకెప్పుడూ తెరిచేదాన్ని కాదు."

నేను ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. మూడే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను.

"తొమ్మిది నాది," అన్నారొకరు. "ఇరవై రెండూ ఇరవై మూడూ నావి." "ముప్ఫై నాదండీ. నిజం చెప్పాలంటే అది ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు."

"ఎవరు చెప్పమన్నారు మిమ్మల్ని?" అని మావయ్య కసురుకున్నారు. ఆయనకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఎవరూ వినలేదు. జడ్జిగారు ఇంజినీరు కనుక తలవంచుకుని ఒక్కో నంబరు పక్కనా టిక్కు పెట్టుకుంటూ పోయారు. రానివాళ్ళ ప్రశ్నలకు వచ్చినవాళ్ళు సాక్ష్యం పలికారు. చివరికి ఒక్కటి మిగిలింది.

"మొదటిది. 'ఇక్కడ ప్రశ్న అడగొచ్చా?' ఇదెవరిది?"

మావయ్య గొంతు సవరించుకున్నారు.

"అది నిజంగా నాదే. వేదిక తెరిచిన రోజు పెట్టాను. ఎవరూ జవాబు చెప్పలేదు."

"అడగొచ్చండి," అంది కండక్టరమ్మ.

జడ్జిగారు జేబులోంచి పెన్ను తీసి, తన తీర్మానం మీద తన చేత్తోనే 'తిరస్కరించడమైనది' అని రాసి సంతకం పెట్టారు. మా చరిత్రలో ఆ మాటకు చప్పట్లు పడడం అదే మొదలు.

సభ అయ్యాక అందరూ టీ తాగుతుంటే, జడ్జిగారు మావయ్యను మెట్ల మలుపు దగ్గరికి తీసుకెళ్ళి ఏదో చాలాసేపు మాట్లాడారు. ఆయన అన్ని మాటలు వరసగా మాట్లాడగలరని అప్పటిదాకా మాకు తెలియదు.

మూడో రోజు వేదికలో మావయ్య పేరు మీద నలభై రెండో ప్రశ్న వచ్చింది. "కొత్తవాళ్ళు పంపిన దిద్దుబాటు బాగాలేకపోతే, వాళ్ళు నొచ్చుకోకుండా మళ్ళీ పంపేలా జవాబు ఎలా రాయాలి? నాకు చేతకావడం లేదు."

నేను జవాబు మొదలుపెట్టి, నాలుగుసార్లు చెరిపి, నా జీవితంలో మొదటిసారి ఒక పేజీ రాశాను. తెల్లవారుజామున పంపిన నిమిషంలోనే కింద, "ధన్యవాదాలు, ఇప్పుడు అర్థమైంది" అని ఒక వాక్యం మెరిసింది.

పంపినవారి పేరు చూస్తే జడ్జిగారిది. ఆ పూట ధన్యవాదాలు చెప్పాల్సిన మావయ్య ఇంకా నిద్రే లేవలేదని అత్తయ్య తర్వాత చెప్పింది.