ఏడో పలక మీది ఎద్దు

నా అంగడికి తలుపులు లేవు. గాడిలో నిలబెట్టే చెక్క పలకలు ఏడు ఉన్నాయి. పోయిన శుక్రవారం పొద్దున ఆరు పలకలు తీసి గోడకు ఆనించి, ఏడోదాని మీద చెయ్యి వేసినప్పుడు ఎదురు వరుస దర్జీ వచ్చి చెప్పినాడు, బోర్డుల సాయిబు పోయినాడని. ఏడో పలక తీయలేదు. అంగడి చూస్తుండమని దర్జీకే చెప్పి, తువ్వాలు భుజాన వేసుకుని ఆయన ఇంటికి పోయినాను.

కర్నూలు బజారులో ఆయన రాసిన బోర్డు లేని అంగడి తక్కువ. ఆయన ఎవరో తెలియని వాళ్లు కూడా ఆయన అక్షరాలు చూసి అంగళ్లు వెతుక్కున్నవాళ్లే. నేను ఆయన్ను మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. కుంచెను ఎడమ తొడ మీద పంచెకే తుడిచేవాడు. ఏ అంగడికి ఏ రంగు వేసినాడో ఆ పంచె చూస్తే తెలిసేది. నాలుగు గీతలు గీయడం, బజారు దాటి అవతలి అరుగు మీద నిలబడి చూడడం, మళ్లీ వచ్చి గీయడం. మధ్యలో బండ్లవాళ్లు తిట్టేవాళ్లు. "బోర్డు చూసేటోడు దూరాన ఉంటాడల్లుడా, రాసేటోడు దగ్గర ఉంటాడు. అందుకే తిరుగుతాండా" అనేవాడు.

ఉర్దూ చదివేవాడు. తెలుగు చదవడం రాదు. కాగితం మీద రాసిస్తే దాన్ని బొమ్మలాగా చూసి దించేవాడు. సిగ్గుపడేవాడు కాదు. "తెలుగు రాయను వచ్చు, చదవను రాదు. చదివే పని మీది" అనేవాడు.

నాది పత్తికొండ పక్కన పల్లె. చేను ఎండిపోయి ఈ ఊరికి వచ్చి పగ్గాలు, పలుపులు, మోకులు, ఎద్దుల మెడ గంటలు అమ్మే అంగడి పెట్టినాను. నా మొదటి బోర్డు ఆయనే రాసినాడు. పేరు చిన్నది, దాని పక్కన తెల్ల ఎద్దు పెద్దది. బోర్డు చూరు దాటి బజారు మీదికి వచ్చి ఉండేది. మా వైపు రైతులు ఎద్దును చూసుకునే వచ్చేవాళ్లు.

కర్నూలు రాజధాని అయిన తర్వాత బజారులో లారీలు, జీపులు ఎక్కువైనాయి. శెనక్కాయ మూటల లారీ ఒకటి ఒక బోర్డును తగిలి పోయింది. ఆ బోర్డు, నెత్తిన తట్టతో పోతున్న ఆడమనిషికి జానెడు దూరంలో పడింది. కొన్నాళ్లకు మునిసిపాలిటీ వాళ్లు టముకు వేయించినారు. గోడ దాటి జానెడు కంటే ముందుకు వచ్చిన బోర్డులు తీసేయాలి. కొత్తగా కట్టేవి గోడకు అంటుకుని, వాళ్లు చెప్పిన కొలతకు లోపల ఉండాలి.

అంగళ్లవాళ్లు కోపంగా ఉన్నారు. సాయిబుకు పని దొరికిందిలే అని ఎగతాళి చేసినారు. ఆయన మాత్రం బోర్డులు దించే రెండు దినాలూ నిచ్చెన కింద నిలబడి ఒక్కోదాన్ని చేతులతో అందుకుని, దుమ్ము తుడిచి గోడకు ఆనించినాడు. "ఆర్డరు తప్పు గాదు. ఆ యమ్మ నెత్తిన పడింటే ఏం జేసేది? బోర్డు కంటే దారి ముందల్లుడా" అన్నాడు.

కొత్త కొలతలో పేరు పట్టితే బొమ్మ పట్టదు, బొమ్మ పట్టితే పేరు పట్టదు. నేను పేరే రాయమన్నాను.

"నీ అంగడికి వచ్చేటోళ్లు ఎవురు?" అని అడిగినాడు.

"ఇప్పుడు ఊర్లో ఆఫీసులు వచ్చినాయి మామా. బొమ్మ ఉంటే పల్లెటూరి అంగడి అనుకుంటారు."

"ఆఫీసోళ్లకు పలుపు ఎందుకప్పా? కుర్చీకి కట్టుకుంటారా?"

నేను నవ్వలేదు. థర్డు ఫారం దాకా చదివినానని నాకు కొంచెం గర్వం ఉండేది. ఆయన ఇంక వాదించకుండా రాసిచ్చినాడు. అక్షరాలు ముచ్చటగా కుదిరినాయి. రోజూ బజారు దాటి పోయి చూసుకునేవాణ్ణి.

ఆ ఏడు తొలకరికి అంగడి ముందర మనిషి నిలబడలేదు. వానలు ఆలస్యమైనాయేమో అనుకున్నాను. ఒకనాడు మా వైపు రైతు, నా దగ్గరే పదేండ్లుగా పగ్గాలు కొనే పెద్దాయన, బస్సుల కాడ కనబడినాడు. ఆయన చేతిలో వేరే అంగడి పగ్గాలు ఉన్నాయి.

"ఏమప్పా, అంగడి ఎత్తేసినావంటనే?" అన్నాడు.

"యాడ ఎత్తేసినా? ఆడనే ఉండాది."

"మూడుతూర్లు తిరిగితిమి. ఎద్దు లేదే. ఎద్దు లేంది ఎట్ల తెల్సాది మాకు?"

అడిగినవాణ్ణి నేనే, చెడగొట్టుకున్నదీ నేనే. కార్తె మీద కార్తె పోతూ ఉంది. ఇట్లే ఉంటే ఊరికి పోదాం అంది మా ఇంటామె. ఊర్లో ఎండిన చేను తప్ప ఏమీ లేదని ఆమెకూ తెలుసు.

సాయిబు ఇంటికి పోయి ఉన్న సంగతి చెప్పినాను. నేను ముందే చెప్పలేదా అనే మాట ఆయన నోట రాలేదు. "రేపు పొద్దున నువ్వు పలకలు తీసేటప్పుడు వస్తా" అన్నాడు. చెప్పినట్టే వచ్చి అవతలి అరుగు మీద కూర్చుని, సాసరులో టీ తాగుతూ చూసినాడు. ఏడు పలకలూ తీసి, ఒకదాని మీద ఒకటి గోడకు ఆనించినాను.

"రోజూ ఇదే వరసనా?"

"వరస తప్పితే గాడిలో పట్టవు మామా."

"అయితే అన్నిటికంటే పైన ఉండేది ఎప్పుడూ ఏడోదే. దాన్ని ఇట్లియ్యి."

పలక వెడల్పు మూరెడు కూడా లేదు. ఎద్దు పట్టదన్నాను. "అడ్డంగా పట్టకపోతే ఎదురుగా నిలబెడదాం" అన్నాడు. గాడిలో ఉన్నప్పుడు ఎండా వానా తగలని లోపలి వైపు, పగలు తిప్పి ఆనిస్తే బజారుకు కనబడేట్టు, రెండు దినాలు కూర్చుని, మనకు ఎదురుగా వచ్చి నిలబడిన ఎద్దును వేసినాడు. కొమ్ములు నిట్టనిలువుగా పైకి పోయినాయి. అయిపోయినాక గడ్డిమోపుతో పోతున్న ఒకామెను నిలబెట్టి, ఇది ఏం అంగడమ్మా అని అడిగినాడు.

"ఎద్దుల సామాన్ల అంగడి. కండ్లు లేవా నీకు?" అని ఆమె పోయింది. ఆయన సంతోషంగా కుంచె తుడుచుకున్నాడు.

నాలుగు దినాలకు ఇన్‌స్పెక్టరు టేపు పట్టుకుని వచ్చినాడు. అప్పుడు అంగడి కాడనే ఉన్న సాయిబే ముందుకు వచ్చినాడు.

"ఇదేం బోర్డు?"

"బోర్డు గాదు సారూ, తలుపు."

"తలుపు మీద ఎద్దు ఎందుకయ్యా?"

"మీ ఇంటి తలుపు మీద లచ్చిమి లేదా సారూ? ఈయన లచ్చిమి ఇదే."

ఇన్‌స్పెక్టరు గోడ నుంచి పలక దాకా కొలిచినాడు. జానెడు లోపలే ఉంది. రాత్రిళ్లు ఇది ఎక్కడ ఉంటుందని అడిగినాడు. గాడిలోనని చెప్పినాను. టేపు చుట్టుకుని, "పడిపోకుండా తాడు కట్టుకో. తాళ్లు అమ్మేవాడివేగా" అని పోయినాడు.

ఆ కార్తెలోనే మా వైపు వాళ్లు మళ్లీ వచ్చినారు. తర్వాత బజారులో చాలా అంగళ్ల ఏడో పలకల మీదికి కత్తెరలు, లాంతర్లు వచ్చినాయి. రాజధాని హైదరాబాదుకు పోయింది. కొలతలు ఉండిపోయినాయి, పలకలూ ఉండిపోయినాయి.

రోజూ పట్టి ఎత్తే చోట ఎద్దు ఎడమ కొమ్ముకు రంగు పోయింది. "పట్టి పట్టి కొమ్ము అరగదీస్తాండావు. పీర్ల పండగ కానీ, దిద్దుతా" అన్నాడు పోయిన నెల. కండ్లు సరిగా కనబడడం లేదని ఆయన ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం నమాజు అయినాక తీసుకుపోయినారు. నేనూ కొంత దూరం భుజం పట్టినాను. మూడు గుప్పెళ్లు మన్ను వేసి వచ్చేసరికి పొద్దు వాలింది. ఏడో పలక పొద్దున వదిలినట్టే గాడిలో నిలబడి ఉంది. దాని ఎద్దు ముఖం అంగడి లోపలికి ఉంది. అది పత్తికొండ బండ్లు వచ్చే దినం. ఎద్దు కనబడక ఎంతమంది ముందుకు పోయినారో తెలియదు.

మరుసటి పొద్దున దాన్ని తీసి, తిప్పి, ఆరింటి పైన ఆనించినాను. ఇప్పుడు కొమ్ముల దగ్గర పట్టుకోవడం లేదు. వంగి, గిట్టల కింద రెండు చేతులు పెట్టి ఎత్తుతున్నాను. అట్లా ఎత్తితే పలక ముందుకు తూలి, ఎద్దు నొసలు నా నొసటికి తగులుతుంది.